సర్జాపురలో ఇల్లు వద్దనుకుంటే



బెంగళూరులో ఇబ్లూరు కూడలి దగ్గర మొదలుపెట్టి కైకొండ్రహళ్లి, దొడ్డకన్నెల్లి, దొమ్మసంద్ర దాటుకుంటూ పోతే సర్జాపుర వస్తుంది. ఆనేకల్ తాలూకాలోని ఈ ఊరికీ, చుట్టుపక్కల పల్లెలకూ తెలుగు కొత్త కాదు. ఐటీ ఉద్యోగాలు రాకముందు నుంచే పొలం గట్ల మీదా, సంతలోనూ వినిపించిన మాటే. ఇప్పుడు దానికి గుంటూరు, కరీంనగర్, అనంతపురం యాసలు కూడా కలిశాయి. రాగి చేలుండే చోట ఇప్పుడు పద్దెనిమిది అంతస్తుల బొమ్మలతో హోర్డింగులు నిలబడ్డాయి. శని, ఆదివారాల్లో సైట్ ఆఫీసుల ముందు కార్లకు చోటు దొరకదు. లోపల ఏసీ, కాఫీ, అద్దాల పెట్టెలో బుల్లి అపార్ట్‌మెంట్ నమూనా, దాని పక్కన నవ్వుతూ నిలబడే సేల్స్ కుర్రాడు.

అక్కడ కొనడం గురించి ఏది అడిగినా సమాధానం సిద్ధంగా ఉంటుంది. బుక్ చేసి, కొంత డబ్బు కట్టాక, ‘మాకీ ఇల్లు వద్దు’ అంటే ఎంత పోతుందని అడిగితే మాత్రం కుర్రాడు మేనేజరు వైపు చూస్తాడు. ఈ ప్రసంగం ఆ ప్రశ్న గురించే.

వద్దనుకోవడానికి కారణాలు ఇంటికొకటి. ఉద్యోగం పోవచ్చు, అమెరికా బదిలీ రావచ్చు, ఊళ్లో నాన్నగారికి ఆపరేషన్ పడవచ్చు, బ్యాంకు లోను ఇవ్వననవచ్చు. కాగితాలు చూసిన లాయరు పెదవి విరవవచ్చు, బిల్డర్ చెప్పిన గడువు దాటి రెండేళ్లయినా నాలుగో అంతస్తు దగ్గరే పని ఆగిపోవచ్చు. చట్టం వీటన్నిటినీ రెండు గంపల్లో వేస్తుంది. బిల్డర్ తప్పు వల్ల వెనక్కి తగ్గితే ఒక లెక్క, కొనేవాడి సొంత కారణంతో తగ్గితే ఇంకో లెక్క. ఒకే ఫ్లాట్, ఒకే మొత్తం. కారణాన్ని బట్టి ఒకరికి వడ్డీతో సహా వెనక్కి వస్తుంది, మరొకరు పది, పదిహేను లక్షలు వదులుకుంటారు. అందుకే రద్దు కోరుతూ పంపే ఈమెయిల్‌లో మొదటి వాక్యం ఏం రాశారన్నది అంత ముఖ్యం. చాలామంది దాన్ని కోపంలోనో, మొహమాటంలోనో రాసి పడేస్తారు.

2025 ఫిబ్రవరి 3న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చూస్తే ఇది బాగా తెలుస్తుంది. గోద్రెజ్ ప్రాజెక్ట్స్ సంస్థ గురుగ్రామ్‌లో సెక్టార్ 104 దగ్గర కట్టిన అపార్ట్‌మెంట్ల కేసు అది. 2014 జనవరిలో కొనుగోలుదారులు 10 లక్షలు కట్టి బుక్ చేశారు. జూన్‌లో అగ్రిమెంటు అయింది. మూల ధర 1 కోటి 70 లక్షల 81 వేల 400 రూపాయలు. 2017 జూన్‌లో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చింది, ఇల్లు అప్పజెబుతాం రండి అని కబురూ వచ్చింది. అప్పటికి మార్కెట్ దిగింది. కొన్నవాళ్లు ఆ మాటే చెప్పారు: ధరలు పడిపోయాయి, మాకీ ఫ్లాట్ వద్దు, కట్టిన డబ్బంతా తిరిగివ్వండి. వాళ్లు కట్టింది 51 లక్షల 12 వేల 310 రూపాయలు.

ధరలో 20 శాతం బయానా కింద ఉంచేసుకోవచ్చని అగ్రిమెంటులో రాసుంది. అంటే 34 లక్షల పైచిలుకు. జాతీయ వినియోగదారుల కమిషన్ అది అన్యాయమంది, పది శాతం చాలంది. 17 లక్షల 8 వేల 140 రూపాయలు మినహాయించుకుని, మిగిలిన 34 లక్షల 4 వేల 170 రూపాయలు 6 శాతం వడ్డీతో ఇమ్మంది. సుప్రీంకోర్టు పది శాతం మాటను నిలబెట్టింది. అగ్రిమెంటు అంతా బిల్డర్ వైపే ఒరిగి ఉందనీ, అలాంటి షరతులు కొనేవాళ్లను కట్టిపడేయలేవనీ చెప్పింది. కానీ వడ్డీ కొట్టేసింది. ధరలు పడ్డాయని తప్పుకున్నవాళ్లు అదే డబ్బుకి చవకగా ఇంకో ఇల్లు కొనుక్కుని ఉండవచ్చు, వాళ్లకు వడ్డీ ఎందుకన్నది ధర్మాసనం ఆలోచన. 34 లక్షల మీద 6 శాతమంటే ఏడాదికి 2 లక్షల పైమాటే. ‘మార్కెట్ పడిపోయింది’ అన్న ఒక్క కారణం ఖరీదు అది.

కాబట్టి కొనేవాడు తన కారణంతో వెనక్కి తగ్గితే పది శాతం పోతుందనుకోవడం నేటి వాడుక లెక్క. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత జరిమానా రాసుకున్నా చేతికొచ్చేది సమంజసమైన పరిహారమే. సమంజసం అంటే ఎంతని అడిగితే వినియోగదారుల కమిషన్లు 2015 నుంచీ పది దగ్గర ఆగుతున్నాయి. స్థిరాస్తి రంగాన్ని నియంత్రించే రెరా చట్టం కింది నియమాల్లోని నమూనా అగ్రిమెంటు కూడా, బిల్డర్ తప్పు లేకుండా కొనేవాడు రద్దు చేసుకుంటే బుకింగ్ సొమ్ము ఉంచుకోవచ్చంటుంది.

పది శాతం సరే, దేనిలో పది? పేచీ ఇక్కడే. సైట్ ఆఫీసులో ఇచ్చే కాస్ట్ షీట్ ఒకటి తీసి చూడండి. పై వరుసలో చదరపు అడుగు ధర, దాని కింద పై అంతస్తుకు అదనం, పార్కు వైపు బాల్కనీకి అదనం, కారు పార్కింగ్, క్లబ్ హౌస్, కరెంటు, నీటి కనెక్షన్ల ఖర్చు, రెండేళ్ల మెయింటెనెన్స్ అడ్వాన్స్, కార్పస్ నిధి, లీగల్ చార్జీలు, అన్నిటి కిందా జీఎస్టీ. పై వరుసలో కోటీ ఇరవై లక్షలున్నది చివరి వరుసకి వచ్చేసరికి కోటీ ముప్పై దాటుతుంది. కొందరు బిల్డర్లు పది శాతాన్ని ఈ చివరి అంకె మీద లెక్కకడతారు. గురుగ్రామ్ కేసులో లెక్కకట్టింది మూల ధర మీద. మెయింటెనెన్స్ అడ్వాన్స్ మీద కూడా బయానా కోయడమంటే, ఉండని ఇంటికి ఊడ్పు ఖర్చు వసూలు చేయడమే. సంతకం పెట్టేముందు అడగాల్సిన ప్రశ్న ఇది. అడిగేవాళ్లు తక్కువ.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊహాలెక్కే, కానీ సర్జాపుర ధరలకు దూరం కాదు. ఒక జంట కోటీ 20 లక్షల ఫ్లాట్ బుక్ చేశారు. స్లాబులు పడుతున్నకొద్దీ డిమాండ్ లెటర్లు వచ్చాయి, ముప్పై శాతం, అంటే 36 లక్షలు కట్టారు. అందులో సొంత డబ్బు 12 లక్షలు, బ్యాంకు విడుదల చేసింది 24 లక్షలు. దాని మీద ఎనిమిదిన్నర శాతం చొప్పున నెలకు 17 వేలు ప్రీ-ఈఎంఐ, అంటే వడ్డీ మాత్రమే, పద్నాలుగు నెలలు కట్టారు: 2 లక్షల 38 వేలు. కట్టిన 36 లక్షల మీద 5 శాతం జీఎస్టీ, లక్షా 80 వేలు. ఇంతలో ఒకరి ఉద్యోగం పోయింది, రద్దు కోరారు.

బిల్డర్ పది శాతం కింద 12 లక్షలు ఉంచుకుని 24 లక్షలు తిరిగిస్తాడు. ఎవరికి? ఆ జంటకు కాదు. లోను తీసుకున్నప్పుడు బ్యాంకు, బిల్డర్, కొనేవాడు ముగ్గురూ సంతకం చేసిన ఒప్పందం ఉంటుంది. రద్దయితే డబ్బు ముందు బ్యాంకుకు పోవాలి. 24 లక్షలూ అటు వెళ్లిపోతాయి. సొంతంగా పెట్టిన 12 లక్షల్లో ఒక్క రూపాయి వెనక్కి రాదు. ప్రీ-ఈఎంఐ వడ్డీ రాదు, లోను ప్రాసెసింగ్ ఫీజు రాదు, అగ్రిమెంటు రిజిస్టర్ చేయించిన ఖర్చు రాదు. ఒక్కటే ఊరట: ఫ్లోటింగ్ రేటు గృహరుణం ముందుగా తీర్చేస్తే బ్యాంకులు వ్యక్తుల దగ్గర జరిమానా తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. మరో చిన్న సంగతి. 50 లక్షలు, ఆపైన ధర ఉన్న ఇంటికి కొనేవాడు ప్రతి వాయిదాలో ఒక శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కడతాడు కదా, ఇక్కడ అది 36 వేలు. అది బిల్డర్‌కు ముట్టినట్టే లెక్క. రిఫండ్ పట్టికలో ఆ 36 వేలను ‘కట్టిన మొత్తం’లో కలిపారో లేదో చూసుకోవాలి.

జీఎస్టీ సంగతి ఇంతకన్నా తమాషా. చాలామంది అది పోయినట్టే అనుకుంటారు. పోనక్కర్లేదు. బిల్డర్ ఇన్వాయిస్ ఇచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా అతనే క్రెడిట్ నోట్ ఇచ్చి పన్ను సర్దవచ్చు. ఆ గడువు దాటాక రద్దయితే ఏం చేయాలో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 2022 డిసెంబరు 27న పరోక్ష పన్నుల బోర్డు ఒక సర్క్యులర్ ఇచ్చింది: జీఎస్టీ నంబరు లేని మామూలు మనిషి కూడా పాన్ కార్డుతో పోర్టల్‌లో తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకుని, తానే రిఫండ్ అడగవచ్చు. బిల్డర్ రద్దు ఉత్తరం జారీ చేసిన నాటి నుంచి రెండేళ్లలోపు అడగాలి. బిల్డర్ తిరిగిచ్చిన మొత్తానికి తగ్గ పన్నే వస్తుంది. మన జంటకు 24 లక్షల మీద లక్షా 20 వేలు వస్తాయి, మిగతా 60 వేలు పోతాయి. ఉంచుకున్న బయానా మీద మళ్లీ జీఎస్టీ వేస్తామని బిల్డర్ అంటే ఒప్పుకోనక్కర్లేదు. ఇంటి అమ్మకం ఒప్పందం తప్పినందుకు పోయిన బయానా పన్ను కట్టాల్సిన సేవ కాదని అదే ఏడాది ఆగస్టులో మరో సర్క్యులర్ చెప్పింది. అన్నీ కలిపితే ఆ జంటకు తగిలిన దెబ్బ దాదాపు 15 లక్షలు. అద్దె ఇంట్లో ఉంటూ పద్నాలుగు నెలలు కట్టిన అద్దె ఇందులో లేదు.

అగ్రిమెంటుకు ముందే తప్పుకుంటే పోయేది చాలా తక్కువ. రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా బిల్డర్ పది శాతానికి మించి తీసుకోకూడదు. మొదట్లో ఇచ్చే లక్షా, రెండు లక్షల చెక్కు తిరిగి వస్తుందో రాదో దరఖాస్తు ఫారం వెనకవైపు సన్నటి అక్షరాల్లో ఉంటుంది. బయటి దేశాల్లో కొన్నిచోట్ల మనసు మార్చుకునే హక్కు చట్టంలోనే ఉంది. కెనడాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే అంటారియోలో బిల్డర్ దగ్గర కొత్త కాండో కొంటే పది రోజుల్లోపు కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు, మొత్తం వెనక్కి వస్తుంది. ఫ్రాన్స్‌లోనూ పది రోజులే. సింగపూర్‌లో బుకింగ్ కట్టాక ఒప్పందం మీద సంతకం పెట్టకపోతే ఆ బుకింగ్ సొమ్ములో పావు వంతు మాత్రమే పోతుంది. మన రెరా చట్టం చాలా మంచి పనులు చేసింది గానీ ఈ పది రోజుల వెసులుబాటు ఇవ్వలేదు. ఆదివారం కాఫీ తాగి చెక్కు రాసిచ్చి, సోమవారం పొద్దున్నే గుండె గుభేలుమనే కుటుంబాలకు ఇది పెద్ద లోటు.

రెరా నంబరు రాకముందే తీసుకునే ప్రీ-లాంచ్ డబ్బు విషయం వేరు. 3వ సెక్షన్ ప్రకారం ఆ అమ్మకమే కుదరదు. హైదరాబాద్ శివారు అమీన్‌పూర్‌లో సాహితీ శర్వాణీ ఎలైట్ పేరుతో 2019లో మొదలైన ప్రీ-లాంచ్ వ్యవహారం తెలుగువాళ్లకు గుర్తే. ముందే మొత్తం కడితే సగం ధరకేనన్న ఆశతో వందల కుటుంబాలు కట్టాయి. ఇళ్లు లేవలేదు. వద్దు, డబ్బివ్వండి అని తిరిగినవాళ్లు చివరికి పోలీసు స్టేషన్‌కు చేరారు. 2022 డిసెంబరులో సంస్థ అధిపతి అరెస్టయ్యారు, కేసు ఈడీ దాకా వెళ్లింది. అక్కడ పది శాతం, ఇరవై శాతం అన్న చర్చకే చోటు లేకపోయింది.

ఇక బిల్డర్ తప్పు ఉన్న గంపలోకి వద్దాం. అగ్రిమెంటులో రాసిన తేదీకి ఇల్లు ఇవ్వకపోతే, రెరా 18వ సెక్షన్ కింద కొనేవాడు తప్పుకుని కట్టినదంతా వడ్డీతో అడగవచ్చు. కర్ణాటక నియమాల్లో ఆ వడ్డీ స్టేట్ బ్యాంకు అత్యధిక ఎంసీఎల్ఆర్ రేటు మీద మరో రెండు శాతం, తిరిగివ్వడానికి గడువు 60 రోజులు. ఇది షరతుల్లేని హక్కనీ, ఆలస్యానికి బిల్డర్ ఏ సాకు చెప్పినా పోదనీ 2021 నవంబరులో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంతకు ముందు 2019లో పయనీర్ అర్బన్ కేసులో ఒక అగ్రిమెంటు బండారం బయటపడింది: కొనేవాడు వాయిదా ఆలస్యం చేస్తే వడ్డీ 18 శాతం, బిల్డర్ డబ్బు తిరిగివ్వాల్సి వస్తే 9 శాతం. కోర్టు దాన్ని ఏకపక్షం అంది.

అయితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేస్తే గాలి మారుతుంది. 2021 జనవరిలో ఐరియో గ్రేస్ కేసులో, ఆలస్యమైనా సర్టిఫికెట్ వచ్చి పొజెషన్ ఇస్తామన్న ఫ్లాట్లను కొన్నవాళ్లు తీసుకోవాల్సిందేనని, ఆలస్యానికి పరిహారం మాత్రం ఇవ్వాలని కోర్టు చెప్పింది. సర్టిఫికెట్ రాని ఫ్లాట్ల వాళ్లకు డబ్బు వెనక్కి ఇప్పించింది. ఒకే ప్రాజెక్టులో పక్కపక్క టవర్ల వాళ్లకు రెండు న్యాయాలు! గడువు దాటినా ‘ఇంకో ఆరు నెలలు చూద్దాంలే’ అని ఊరుకున్నవాళ్లు ఈ తేడా గమనించాలి.

సర్జాపురకు ఎంతో దూరంలో లేని బేగూరులో డీఎల్ఎఫ్ సంస్థ ప్రాజెక్టు కేసు కూడా చెప్పుకోవాలి. అక్కడ కొన్నవాళ్లు తప్పుకోలేదు, ఇల్లు ఉంచుకునే పోరాడారు. ఆలస్యానికి చదరపు అడుగుకు నెలకు 5 రూపాయలిస్తామని అగ్రిమెంటు. 1,500 అడుగుల ఫ్లాటుకు నెలకు 7,500. ఆ డబ్బుతో బెంగళూరులో అలాంటి ఇల్లు అద్దెకు దొరకదు. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు, కట్టిన మొత్తం మీద ఏడాదికి 6 శాతం అదనంగా ఇప్పించింది. రిజిస్ట్రేషన్ కావాలంటే పరిహారం వదులుకోవాలన్న బిల్డర్ షరతునూ తప్పుపట్టింది. వెనక్కి తగ్గడం ఒక్కటే దారి కాదని ఆ కొనుగోలుదారులు చూపించారు.

గెలవడం వేరు, వసూలు వేరు. కర్ణాటక రెరా రిఫండ్ ఆదేశం ఇచ్చాక బిల్డర్ కట్టకపోతే, ఆ బాకీని భూమి శిస్తు బకాయిలా వసూలు చేయమని జిల్లా కలెక్టరుకు, అంటే అక్కడి డిప్యూటీ కమిషనరుకు, రికవరీ సర్టిఫికెట్ పంపుతుంది. అక్కడి నుంచి ఫైలు తహసిల్దారు దగ్గరికి పోతుంది. ఎన్నికలు, సర్వేలు, వరదల మధ్య ఆ ఫైలుకు వంతు రావాలి. బిల్డర్ దగ్గర జప్తు చేయడానికి ఆస్తి మిగిలుండాలి. పేరున్న పెద్ద సంస్థలైతే తొందరగానే దారికొస్తాయి. దివాళా అంచున ఉన్నవాళ్ల విషయంలో ఆదేశం పత్రం బీరువాలోనే ఉండిపోతుంది.

ప్రకటన చూసి మోసపోయామని తప్పుకోవచ్చా? రెరా 12వ సెక్షన్ అవునంటుంది. ప్రకటనలోనో, నమూనా ఇంట్లోనో చూపినది అబద్ధమై, దానివల్ల నష్టపోతే మొత్తం వడ్డీతో అడగవచ్చు. అలాగని సర్జాపుర హోర్డింగుల మీద కనిపించే మెట్రో రైలు బొమ్మను పట్టుకుని కేసు వేస్తే నిలవడం కష్టం. హెబ్బాళ నుంచి సర్జాపుర దాకా 36.59 కిలోమీటర్ల మెట్రో మార్గాన్ని కర్ణాటక మంత్రివర్గం 2024 డిసెంబరులో ఆమోదించింది. తర్వాత కేంద్రం కూడా ఒప్పుకోవాలి. ‘ప్రతిపాదిత’ అనే మాట ఒక మూల వేసి బిల్డర్ తప్పించుకుంటాడు. క్లబ్ హౌస్ లేకపోవడం, కార్పెట్ ఏరియా తగ్గిపోవడం, ప్లాన్‌లో పార్కు ఉన్నచోట మరో టవర్ లేవడం లాంటివైతే అతను తప్పించుకోలేడు.

ఇల్లు చేతికొచ్చే దాకా ఈఎంఐ మేమే కడతాం అని బిల్డర్లు చెప్పే పథకాల్లో చేరినవాళ్లది అన్నిటికన్నా చిక్కు. లోను కొన్నవాడి పేరు మీద ఉంటుంది, డబ్బు బిల్డర్ చేతికి పోతుంది. బిల్డర్ కట్టడం ఆపిన నెల నుంచి బ్యాంకు ఫోన్లు కొన్నవాడికి వస్తాయి, సిబిల్ స్కోరు అతనిదే పడుతుంది. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ పరిసరాల బిల్డర్లు, బ్యాంకుల కుమ్మక్కు మీద సుప్రీంకోర్టు సీబీఐ విచారణ వేసింది. తర్వాత అది బెంగళూరు సహా మరికొన్ని నగరాలకు విస్తరించింది. ఇలాంటి లోను ఉన్నవాడు రద్దు కోరేటప్పుడు బిల్డర్‌కు రాసే ఉత్తరం ప్రతిని బ్యాంకుకు కూడా పంపి, రశీదు తీసుకోవాలి.

ధరలు పెరుగుతున్న కాలంలో రద్దు కన్నా మరో దారి నయం: బుకింగ్‌ను ఇంకొకరికి బదిలీ చేయడం. బిల్డర్ అడుగుకు ఇంతని బదిలీ ఫీజు తీసుకుంటాడు, కొంత శాతం కట్టాకే ఒప్పుకుంటానని మెలిక పెడతాడు. అయినా 12 లక్షల బయానా ముందు ఆ ఫీజు చిన్నదే. అది కుదరక రద్దే చేసుకోవాల్సి వస్తే, రిజిస్టరైన అగ్రిమెంటుకు రద్దు పత్రం కూడా రిజిస్టర్ కావాలి. అది లేనిదే బిల్డర్ ఆ ఫ్లాట్‌ను నిశ్చింతగా మరొకరికి అమ్మలేడు. కొనేవాడి చేతిలో మిగిలే బలం ఆ సంతకం ఒక్కటే. ‘ముందు సంతకం పెట్టండి సార్, ఫ్లాట్ అమ్ముడయ్యాక డబ్బు వేస్తాం’ అంటే పెట్టేసి వచ్చినవాళ్లు నెలల తరబడి తిరుగుతున్నారు.

సేల్ డీడ్ అయిపోయాక ఇక రద్దు లేదు, తిరిగి అమ్ముకోవడమే. 2025 ఆగస్టు 31 నుంచి కర్ణాటకలో రిజిస్ట్రేషన్ ఫీజు ఒక శాతం నుంచి రెండుకు పెరిగింది. స్టాంపు డ్యూటీ, సెస్సులు కలిపితే బెంగళూరులో 7.6 శాతం. కోటీ 20 లక్షల ఇంటికి 9 లక్షల 12 వేలు. అది తిరిగి రాదు. రెండేళ్లలోపు లాభానికి అమ్మితే ఆ లాభం ఆదాయపు పన్ను శ్లాబు ప్రకారం పోతుంది. కొనబోయేవాడు తనూ 7.6 శాతం కట్టాలి కాబట్టి, దాన్ని మనసులో పెట్టుకునే బేరం మొదలుపెడతాడు.